గ్రామర్ బాగానే ఉంది, అడిగిందే కనపడటం లేదు

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. పని విషయంలో నాకు ఎవరూ వంక పెట్టరు. కానీ మెయిల్ రాయాలన్నా, రిపోర్ట్ రాయాలన్నా ఒకటే టెన్షన్. వరసగా రెండు అప్రైజళ్లలో మా మేనేజర్ గారు ‘రైటింగ్ నాట్ క్లియర్’ అని రాశారు. నా రిపోర్టులు పైకి వెళ్లే ముందు ఒక సీనియర్ మొత్తం తిరగరాస్తారు. గ్రామర్ పుస్తకం ఒకటి మొదటి నుంచి చివరి దాకా చేశాను. పెద్ద పదాలు నేర్చుకుంటున్నాను. ఈ మధ్య ఏఐతో దిద్దించి పంపుతున్నాను. అయినా అదే మాట. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరమంటారా? ఇక ఈ వయసులో బాగుపడుతుందా? నేను క్లయింట్‌కి పంపిన మెయిల్ ఒకటి జత చేస్తున్నాను. గురువారం లోపు వాళ్లు డేటా ఇవ్వకపోతే రిలీజ్ వారం వెనక్కి పోతుంది, ఆ సంగతి మర్యాదగా ఎలా చెప్పాలో తెలియక ఇలా రాశాను. పేరు వేయకండి.

సమాధానం: మీ మెయిల్ రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పుల కోసం వెతికాను, చెప్పుకోదగ్గవి దొరకలేదు. రెండోసారి, అది అందుకున్న మనిషి ఏం చేయాలో వెతికాను. అదీ దొరకలేదు. మీ మేనేజర్ గారి ఫిర్యాదు ఈ రెండోదాని గురించి. మీరు పుస్తకం పట్టుకుని కష్టపడుతున్నది మొదటిదాని గురించి.

పాఠకుల కోసం ఆ మెయిల్ ఇక్కడ పెడుతున్నాను. ‘విత్ రెఫరెన్స్ టు ది అబౌవ్ సబ్జెక్ట్ అండ్ యాజ్ పర్ ది డిస్కషన్ విత్ యువర్ టీమ్, ఇట్ ఈజ్ టు బి ఇన్ఫార్మ్‌డ్ దట్ డ్యూ టు నాన్-రిసీట్ ఆఫ్ టెస్ట్ డేటా, ది టెస్టింగ్ యాక్టివిటీ కుడ్ నాట్ బి కంప్లీటెడ్, అండ్ ది సేమ్ విల్ బి కంప్లీటెడ్ వన్స్ ది డేటా ఈజ్ రిసీవ్‌డ్. కైండ్లీ డు ది నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియెస్ట్.’ సబ్జెక్ట్ లైన్: ‘రిగార్డింగ్ టెస్టింగ్ — అర్జెంట్’.

ఇందులో గురువారం ఎక్కడ? రిలీజ్ వారం వెనక్కి పోవడం ఎక్కడ? డేటా ఎవరు పంపాలి? నాకు రాసిన ఉత్తరంలో ఒక్క తెలుగు వాక్యంలో మూడొంతులు చెప్పేశారు. అంటే విషయం మీ మనసులో స్పష్టంగానే ఉంది, ఇంగ్లీషు అనగానే దాన్ని పక్కన పెట్టి, ఎక్కడో చూసిన ఆఫీసు లేఖ వేషం వేశారు. ‘డు ది నీడ్‌ఫుల్’ అంటే కావలసింది చేయమని. కావలసింది ఏమిటో మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. వాళ్లు మెయిల్ చదివి, ‘సరే, టెస్టింగ్ ఆలస్యమైందట’ అనుకుని మూసేసి ఉంటారు.

అదే మెయిల్ నేనైతే ఇలా రాస్తాను. సబ్జెక్ట్: ‘టెస్ట్ డేటా నీడెడ్ బై థర్స్‌డే, 12 జూన్’. లోపల: ‘వుయ్ నీడ్ ది టెస్ట్ డేటా బై థర్స్‌డే, 12 జూన్. ఇఫ్ ఇట్ కమ్స్ లేటర్, ది రిలీజ్ విల్ మూవ్ ఫ్రమ్ 20 జూన్ టు 27 జూన్. కుడ్ యూ ప్లీజ్ టెల్ మి టుడే హూ విల్ సెండ్ ఇట్?’ ఇంతే. ఇందులో హైస్కూల్ పిల్లలకు తెలియని పదం ఒక్కటీ లేదు. (తేదీలు నేను ఊహించి వేశాను, మీవి వేసుకోండి.)

మీకు వెంటనే రాబోయే అనుమానం నాకు తెలుసు: ‘ఇలా మొహం మీద అడిగేస్తే బాగుంటుందా?’ మీరే ఉత్తరంలో మర్యాద మాట ఎత్తారు కదా. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలుగులో ‘పంపండి’ అంటే చాలు, గౌరవం ఆ క్రియ చివరే ఉంటుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు. ‘సెండ్’ అని రాసి చూసుకుంటే మనకు అది ‘పంపు’లా వినిపిస్తుంది, భయం వేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ముందు నాలుగు ఉపోద్ఘాతాలు, వెనక ఒక ‘కైండ్లీ’ తగిలిస్తాం. ఇంగ్లీషులో మర్యాద వేరే చోట ఉంటుంది: ‘కుడ్ యూ’, ‘ప్లీజ్’, ఎందుకు అడుగుతున్నామో ఒక కారణం, చదివేవాళ్ల సమయం వృథా చేయకపోవడం. పని చెప్పకుండా ఆరు లైన్లు తిప్పడాన్ని అక్కడ ఎవరూ వినయం అనుకోరు. ‘కైండ్లీ’ అయితే చాలామంది చెవికి కాస్త విసుగుతో ఇచ్చిన ఆదేశంలా కూడా వినిపిస్తుంది. దాని బదులు ‘ప్లీజ్’ ఎప్పుడైనా క్షేమం.

రెండో కారణం వాక్యం కట్టే తీరు. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. అది రాలేదు కాబట్టి, ఇది అవలేదు కాబట్టి, అందువల్ల మీరు ఇది చేయాలి అని కారణాల మెట్లెక్కి పైకి వెళ్లి అసలు మాట చెబుతాం. వినేవాళ్లు ఆ చివరి క్రియ కోసం ఎదురుచూస్తారు, అలవాటు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు పాఠకుడు మాత్రం ఎవరు, ఏం చేశారు అన్నది మొదటి ఏడెనిమిది మాటల్లోనే దొరుకుతుందని చూస్తాడు. కారణం ముందుపెట్టి ముప్పై మాటలు నడిపిస్తే మధ్యలోనే దారి తప్పుతాడు. ఇది తెలివితక్కువతనం కాదు, ఆ భాష అలా చదవడం నేర్పింది.

అయితే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లంతా సూటిగా రాస్తారని అనుకోకండి. 1940 ఆగస్టు 9న, యుద్ధం నెత్తిమీద ఉండగా, బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ తన మంత్రివర్గ సహచరులకూ వాళ్ల సిబ్బందికీ ‘బ్రెవిటీ’ అనే శీర్షికతో ఒక మెమో పంపాల్సి వచ్చింది. రిపోర్టులు మరీ పొడుగ్గా ఉంటున్నాయి, ముఖ్యమైన సంగతులు చిన్న చిన్న పేరాల్లో చెప్పండి, వివరాలూ లెక్కలూ అనుబంధంలో పెట్టండి అని. ‘ఇట్ ఈజ్ ఆల్సో ఆఫ్ ఇంపార్టెన్స్ టు బేర్ ఇన్ మైండ్…’ లాంటి ఊకదంపుడు వాక్యాలు తీసేయమని ఉదాహరణలతో సహా చెప్పాడు. మీ మెయిల్‌లోని ‘ఇట్ ఈజ్ టు బి ఇన్ఫార్మ్‌డ్ దట్’ దానికి దగ్గర చుట్టమే. 2010లో అమెరికా ప్రభుత్వం తన సంస్థలు ప్రజలకు అర్థమయ్యే ఇంగ్లీషులో రాయాలని ఏకంగా చట్టమే చేసింది. మాతృభాష వాళ్లకే చట్టం కావాల్సి వచ్చిందంటే, లోపం మీ తెలుగు మీడియంలో లేదని ఒప్పుకుంటారా?

కాబట్టి చేయాల్సిన మొదటి పని. మెయిల్ తెరవకముందే, ఒక కాగితం మీద తెలుగులో ఒక్క వాక్యం రాసుకోండి: ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలి? నాకు రాసినట్టే. ఆ వాక్యం రాయలేకపోతే ఇంగ్లీషు జోలికి వెళ్లకండి, ఎందుకంటే ఇంకా మీరే తేల్చుకోలేదన్నమాట. రాయగలిగితే దాన్నే ఇంగ్లీషులో మొదటి లైన్‌గా పెట్టండి. మిగిలిన కారణాలన్నీ దాని కింద. సమాచారం కోసం మాత్రమే పంపే మెయిల్ అయితే ఆ సంగతే మొదట చెప్పేయండి: ‘నో యాక్షన్ నీడెడ్’ అని.

రిపోర్టుకూ ఇదే సూత్రం, కాకపోతే పై లైన్‌లో ఉండాల్సింది ఫలితం. ఏ సర్వర్ మీద, ఏ వెర్షన్‌తో, ఏ పద్ధతిలో టెస్ట్ చేశారో రెండు పేజీలు రాసి, మూడో పేజీలో ‘పేమెంట్ పనిచేయడం లేదు’ అంటే ఎవరికి కనపడుతుంది? మీకు ఏ వరసలో తెలిసిందో ఆ వరసలో రాస్తున్నారు. చదివేవాళ్లకు ఏది ముందు కావాలో ఆ వరస వేరు.

పెద్ద పదాల సంగతి. ‘యుటిలైజ్’ బదులు ‘యూజ్’, ‘కమెన్స్’ బదులు ‘స్టార్ట్’, ‘ప్రయర్ టు’ బదులు ‘బిఫోర్’. నేర్చుకున్న పెద్ద పదాలు చదవడానికి దాచుకోండి, అక్కడ పనికొస్తాయి. విమానాల మెయింటెనెన్స్ మాన్యువళ్ల కోసం 1980లలోనే ‘సింప్లిఫైడ్ ఇంగ్లీష్’ అని ఒక పద్ధతి తయారు చేసుకున్నారు. ఆ మాన్యువళ్లు చదివి బోల్టులు బిగించే మెకానిక్కుల్లో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. అందుకని పనిచెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదని, వివరించే వాక్యం 25 దాటకూడదని హద్దు పెట్టారు. ఒక పదానికి ఒకే అర్థం. ‘ఫాలో’ అంటే అక్కడ వెనక రావడం మాత్రమే, సూచనలు పాటించమనడానికి ఆ పదం వాడరు, ‘ఒబే’ అంటారు. ‘క్లోజ్’ అంటే మూయడమే, దగ్గర అనడానికి ‘నియర్’ ఉంది. మీ ఆఫీసుకు ఇంత కఠినంగా అక్కర్లేదు. కానీ ఒకే రిపోర్టులో ఒకే సంగతిని ఒకచోట ‘బగ్’, ఇంకోచోట ‘ఇష్యూ’, మరోచోట ‘డిఫెక్ట్’ అంటే చదివేవాళ్లు మూడు వేర్వేరు సంగతులనుకుంటారు. ఒకే పదం మళ్లీ మళ్లీ వాడొద్దని బడిలో చెప్పింది వ్యాసాల కోసం. టెస్ట్ రిపోర్టులో మళ్లీ మళ్లీ అదే వాడాలి.

ఇప్పుడు తప్పొప్పుల దగ్గరికి వద్దాం. తప్పులన్నీ ఒక్కటి కావు. కొన్ని చెవికి గుచ్చుకుంటాయి, అర్థం చెడదు. కొన్ని వినడానికి ఇంపుగా ఉండి అర్థాన్ని తలకిందులు చేస్తాయి. గ్రామర్ పుస్తకాలు రెండింటినీ ఒకే వరసలో నిలబెడతాయి, మీరు ముందు రెండో రకాన్ని పట్టుకోండి.

మీ పనిలోంచే ఒకటి. ‘ఆల్ ది టెస్ట్స్ డిడ్ నాట్ పాస్.’ అన్నీ ఫెయిలయ్యాయా, కొన్ని మాత్రమే ఫెయిలయ్యాయా? రెండర్థాలూ వస్తాయి. ‘38 ఆఫ్ 40 టెస్ట్స్ పాస్‌డ్’ అని రాస్తే గొడవే లేదు. ఇంకొకటి: ‘ది సర్వర్ విల్ బి అవైలబుల్ బై 6’ అంటే ఆరింటికల్లా వస్తుంది. ‘అంటిల్ 6’ అంటే ఆరింటి వరకే ఉంటుంది. ఒక్క చిన్న మాటతో వ్యవహారం ఎదురు తిరిగింది. తెలుగులో ‘కల్లా’, ‘వరకు’ ఎప్పుడూ కలగలపం కదా, ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ తెలుగు మాట మనసులో అనుకుని చూసుకోండి.

‘ది సర్వర్ రిజెక్టెడ్ ది ఫైల్ బికాజ్ ఇట్ వాజ్ ఓల్డ్.’ పాతది ఏది, సర్వరా ఫైలా? ‘ఇట్’, ‘దిస్’ కనపడ్డ చోటల్లా ఆగి, అనుమానం ఉంటే ఆ పేరే మళ్లీ రాసేయండి. ‘03/04’ అని తేదీ వేస్తే అమెరికాలో మార్చి 4, బ్రిటన్‌లో ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయండి. ‘బైవీక్లీ’ అంటే వారానికి రెండుసార్లు అనీ, రెండు వారాలకోసారి అనీ రెండూ నిఘంటువుల్లో ఉన్నాయి, అసలు ఆ మాట జోలికే పోకండి. ‘లెట్ అస్ టేబుల్ దిస్’ అంటే బ్రిటిష్ వాళ్లకు చర్చకు పెడదామని, అమెరికన్లకు ప్రస్తుతానికి పక్కన పెడదామని.

‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ విషయంలో మీలాంటి వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఈ మాటల అర్థం ఖాయం చేయడానికే ఒక పత్రం తెచ్చారు, ఆర్‌ఎఫ్‌సీ 2119 అంటారు. ‘మస్ట్’ అంటే చేసి తీరాలి. ‘షుడ్’ అంటే చేయాలి, కానీ గట్టి కారణం ఉంటే, పర్యవసానం ఆలోచించుకుని మానవచ్చు. ‘మే’ అంటే మీ ఇష్టం. మర్యాద కోసమని ‘మస్ట్’ను ‘షుడ్’గా తగ్గించి రాస్తే, అవతలి టీమ్ ఆ పని మానేసి ‘మీరే షుడ్ అన్నారుగా’ అంటే మీ దగ్గర జవాబుండదు.

ఇంకో చిన్న గుంట: ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’. మనకు అది సందేహం, అంటే అడగాల్సిన ప్రశ్న. వాళ్లకు మీ డిజైన్ మీద నమ్మకం లేదన్నట్టు వినిపించవచ్చు. ‘క్వశ్చన్’ అనండి.

విరామ చిహ్నాలను తేలిగ్గా తీసుకునేవాళ్ల కోసం ఒక కోర్టు కథ. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ జీతం వర్తించని పనుల జాబితా ఒకటి చట్టంలో ఉంది. అప్పట్లో దాని చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది, ‘షిప్‌మెంట్’ తర్వాత కామా ఉండేది కాదు. పంపిణీ వేరే పనా, లేక పంపిణీ కోసం ప్యాక్ చేయడమా? ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు సరుకు పంపిణీ చేస్తారు తప్ప ప్యాక్ చేయరు, కాబట్టి తమకు ఓవర్‌టైమ్ రావాలని వాదించారు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం స్పష్టంగా లేదని చెప్పి వాళ్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడు కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

ఇక చెవికి గుచ్చుకునే రకం. ‘ఎ’, ‘ది’ తెలుగులో లేవు కాబట్టి మనకు ఇవి ఎప్పటికీ కొంచెం తడబాటే. లెక్కపెట్టగలిగే వస్తువు ఒక్కటే ఉంటే దాన్ని ఒంటరిగా వదలకూడదు అన్నది గుర్తుంచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు: ‘ఐ ఫౌండ్ ఎ బగ్’, ‘ది సర్వర్ ఈజ్ డౌన్’. ఒక్కచోట మాత్రం అర్థమే మారుతుంది. ‘వుయ్ ఫిక్స్‌డ్ బగ్స్’ అంటే ఏవో కొన్ని సరిచేశాం, ‘వుయ్ ఫిక్స్‌డ్ ది బగ్స్’ అంటే మీరు చెప్పినవన్నీ సరిచేశాం. రెండోది రాసేముందు నిజమేనా చూసుకోండి.

కాలాల్లో మనవాళ్లు ఎక్కువగా పడేది రెండు చోట్ల. ‘నిన్న’ లాంటి గడిచిన సమయం చెప్పాక ‘హావ్’ ఉండకూడదు: ‘ఐ సెంట్ ది రిపోర్ట్ యెస్టర్‌డే’. ఊరికే ‘ఐ హాడ్ సెంట్’ అని మొదలుపెట్టకండి, దేనికంటే ముందు పంపారా అని వాళ్లు ఎదురుచూస్తారు. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’, ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ దండగ. ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘సాఫ్ట్‌వేర్’ చివర ‘స్’ చేరదు. ‘ప్రిపోన్’ మన చుట్టుపక్కల అందరికీ తెలుసు, బయటివాళ్లకు ‘మూవ్ టు యాన్ ఎర్లియర్ డేట్’ అని రాయండి.

ఇవన్నీ బట్టీ పట్టొద్దు. మీరు పంపిన పాత మెయిళ్లు ఓ ఇరవై తీసి చూడండి. మనిషి చేసిన తప్పే మళ్లీ చేస్తాడు, మహా అయితే ఐదారు రకాలు తేలతాయి. ఆ ఐదారూ ఒక చీటీ మీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకోండి. ‘పంపు’ నొక్కే ముందు ఒక్కో తప్పు కోసం ఒక్కోసారి మెయిల్ చూడండి. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ కనపడదు. మీది కాని తప్పుల పాఠాలు చదివి ఏం లాభం?

అలాగే తప్పు కానివాటి గురించి హైరానా పడకండి. ‘బట్’తో వాక్యం మొదలుపెట్టవచ్చు. ‘విత్’తోనో ‘ఫర్’తోనో ముగించవచ్చు. ‘పాసివ్ వాయిస్ వద్దు’ అని సాఫ్ట్‌వేర్ ఎర్రగీత గీస్తే ప్రతిసారీ తలొంచనక్కర్లేదు. ఫైల్ ఎవరు తీసేశారో తెలియనప్పుడు ‘ది ఫైల్ వాజ్ డిలీటెడ్ ఎట్ 10:40’ అన్నదే నిజాయితీ. ఎవరో తెలిసీ దాచడానికి రాసినప్పుడే అది మోసం. ‘ఇట్ వాజ్ డిసైడెడ్’ అని చదివినప్పుడల్లా నాకు మాత్రం ఎవరు నిర్ణయించారని నిలదీయాలనిపిస్తుంది.

ఏఐతో దిద్దించడం తప్పేం కాదు. కానీ అది అక్షరదోషం దిద్దే పనితో ఆగదు. మీరు ‘మే బి రిలేటెడ్’ అంటే దాన్ని ‘ఈజ్ రిలేటెడ్’ చేసి నున్నగా ఇస్తుంది, ఆ ధీమా మీ పేరు మీద పోతుంది. పైగా మీ మెయిల్ లాంటిది ఇస్తే అందులో లేని గురువారాన్ని అదెక్కడి నుంచి తెస్తుంది? అదే అస్పష్టతను అందంగా చేసి ఇస్తుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే. దాన్ని ఇంకోలా వాడండి. మెయిల్ రాశాక, ‘ఇది చదివినవాళ్లు ఏం చేయాలి, ఎప్పటిలోగా?’ అని దాన్నే అడగండి. జవాబు మీ తెలుగు వాక్యంతో కలవకపోతే మెయిల్ ఇంకా తయారవలేదు. క్లయింట్ వివరాలు అందులో పెట్టడానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి. స్పెల్‌చెక్‌ని కూడా నమ్మలేం: ‘వుయ్ ఆర్ నౌ రెడీ’ అనబోయి ‘నాట్ రెడీ’ అని పడితే, రెండూ సరైన పదాలే కాబట్టి దానికి అనుమానం రాకపోవచ్చు. ఒక్క అక్షరం తేడా.

స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు వద్దు. మాట్లాడటానికి భయం ఉంటే అది వేరే సంగతి, మీరు ఆ మాట ఎత్తలేదు. ఆ డబ్బు, సమయం ఇక్కడికి పనికిరావు. వయసు గురించి అడిగారు. ఇది ఉచ్చారణ మార్చుకోవడం లాంటిది కాదు, వరస మార్చుకోవడం. ఫలితం ముందుపెట్టడం ఈ సోమవారం మెయిల్ నుంచే చేయవచ్చు. ‘ఎ’, ‘ది’ మాత్రం ఏళ్లు పడుతుంది, పట్టనివ్వండి.

ఇక మీ రిపోర్టులు తిరగరాసే ఆ సీనియర్. ఆయనో ఆవిడో తెలియదుగానీ, మీకు దొరికే అన్నిటికంటే మంచి టీచర్ ఆ మనిషే. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే వాళ్లు కొత్తగా రాసి పైకి పంపేస్తున్నారు, ఏం మార్చారో, ఎందుకు మార్చారో మీకు చేరడం లేదు. ఈసారి రిపోర్ట్ ఇచ్చేటప్పుడు ట్రాక్ చేంజెస్ (ఎవరేం మార్చారో చూపించే సౌకర్యం) ఆన్ చేసి ఇవ్వండి. ‘అన్నీ మీరే మార్చకండి, మొదటి పేజీ వరకు ఏది ఎక్కడ ఉండాలో గుర్తు పెట్టండి చాలు, రాసేది నేను రాస్తాను’ అని అడగండి. వాళ్లకూ పని తగ్గుతుంది కాబట్టి కాదనరు. అలా నాలుగైదు రిపోర్టులు అయ్యాక, వచ్చే అప్రైజల్ కోసం ఆగకుండా మీ మేనేజర్ గారినే కలిసి, పాతదీ కొత్తదీ రెండు మెయిళ్లు పక్కపక్కన పెట్టి, ‘క్లియర్ కాదు అన్నది దీని గురించేనా?’ అని అడగండి. ఆయన చెప్పేది నేను చెప్పినదానికి తేడాగా ఉంటే మళ్లీ రాయండి, ఆ మెయిళ్లు రెండూ జత చేసి.